గాంధీగారికి టాగోర్ రాసిన ఉత్తరం

ఇవాళ ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాం.

1934 జనవరి 15 మధ్యాహ్నం బీహార్‌లో భూకంపం వచ్చింది. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు కుప్పకూలాయి. అక్కడా నేపాల్‌లోనూ కలిపి వేలమంది చనిపోయారు. గాంధీగారు అప్పుడు హరిజన యాత్రలో ఉన్నారు. అంతకుముందే మన ఆంధ్ర జిల్లాలు తిరిగి తమిళ దేశం వెళ్లారు. తిరునెల్వేలి సభలో ఆయన, అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్షే ఈ భూకంపం అనేశారు!

పేపర్లో ఇది చూసి టాగోర్ నమ్మలేకపోయారు. ఆయనేం గాంధీగారికి శత్రువు కాదు, అంటరానితనాన్ని సమర్థించేవాడూ కాదు. 1932లో ఎరవాడ జైల్లో గాంధీగారు నిరాహారదీక్ష విరమించినప్పుడు పక్కనే ఉన్నారు. అయినా ఊరుకోలేదు. ఊరుకోలేదు సరే, ఎలా అడిగారన్నదే నాకు ఆశ్చర్యం. ఖండన రాసి తిన్నగా పత్రికలకు ఇవ్వలేదు. ముందు గాంధీగారికే పంపారు. మీరు నిజంగా ఈ మాట అని ఉంటేనే దీన్ని పత్రికలకు ఇవ్వండి అని రాశారు. అంటే, పేపరువాళ్లు తప్పు రాసి ఉండొచ్చు అన్న అవకాశం అవతలి మనిషికి ఇచ్చారన్నమాట.

అలాగని ఖండన మెత్తగా ఏమీ లేదండోయ్. భౌతిక కారణాలున్న ఉత్పాతాన్ని మనుషుల నీతికి ముడిపెట్టడం అహేతుకం అన్నారు. ఇదే వాదం మీకన్నా మీ ప్రత్యర్థులకే బాగా అతుకుతుంది, భూకంపం గాంధీ వల్లే వచ్చిందని వాళ్లూ అనగలరు అన్నారు. చివర్లో మాత్రం, దేశ ప్రజల భయం పోగొట్టినందుకు మహాత్ముడికి కృతజ్ఞత చెప్పుకున్నారు, అందుకే ఇంత బాధపడుతున్నామని.

గాంధీగారు ఆ ఖండనను ఫిబ్రవరి 16న తన 'హరిజన్' పత్రికలోనే వేశారు, పక్కనే తన జవాబూ వేశారు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, తన నమ్మకం తనదే అన్నారు. నా మటుకు నాకు ఈ విషయంలో టాగోరే ఒప్పు. కానీ తనను తప్పుపట్టిన రాతను సొంత పాఠకుల ముందు పెట్టడానికి దమ్ము కావాలి కదా!

రెండేళ్ల తరవాత, 1936లో, 75 ఏళ్ల వయసు దగ్గరపడుతుండగా టాగోర్ విశ్వభారతి కోసం నాటక బృందాన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ ఢిల్లీ వచ్చారు. గాంధీగారు చూసి తట్టుకోలేకపోయారు. 60,000 రూపాయలు సమకూర్చి, ఇక తిరగొద్దని పంపించారు.

వీళ్లిద్దరి 1921 నాటి రాట్నం గొడవ పై ఎపిసోడ్‌లో. ఉంటానండీ.