కోరని సందేశాలు, అనధికార ఛార్జీల నుంచి మొబైల్ వినియోగదారులకు రక్షణ

కోరని సందేశాల బెడదను, అడగని సేవల పేరిట జరిగే ఛార్జీల కోతను అరికట్టేందుకు భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) దశలవారీగా నిబంధనలు రూపొందించింది. వినియోగదారుని స్పష్టమైన అంగీకారమే వీటన్నింటికీ ప్రాతిపదిక. వినియోగదారుడు మౌనంగా ఉన్నంత మాత్రాన దానిని అంగీకారంగా పరిగణించరాదు.

అడగని సేవలకు ఛార్జీలు

కాలర్ ట్యూన్లు, జాతక ఫలాలు, క్రికెట్ స్కోర్లు వంటి అదనపు సేవలకు రెండు దఫాలుగా అంగీకారం పొందాలని ట్రాయ్ 2013 జులై 10న ఆదేశాలు జారీ చేసింది. వినియోగదారుడు రెండవసారి ధ్రువీకరించిన తరువాతనే ఛార్జీ వసూలు చేయవలసి ఉంటుంది. ఇటువంటి సేవలను రద్దు చేసుకునేందుకు అన్ని కంపెనీలకు ఉమ్మడిగా 155223 అనే ఉచిత నంబరును కేటాయించారు.

ప్రీపెయిడ్ వినియోగదారులకు నెలవారీ బిల్లు అందదు. అందువల్ల చిన్న మొత్తాల కోత వెంటనే వారి దృష్టికి రాదు. ఈ లోపాన్ని సవరించేందుకు 2012 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలు వీలు కల్పించాయి. గడచిన ఆరు నెలలకు సంబంధించిన వినియోగ వివరాలను రూ.50కి మించని రుసుముపై కోరవచ్చు. కంపెనీ వాటిని 30 రోజులలోగా అందజేయాలి.

వాణిజ్య సందేశాలు

2007లో ఏర్పాటైన జాతీయ రిజిస్టరు స్థానంలో, 2011 సెప్టెంబరు 27 నుంచి 1909 నంబరు ద్వారా ప్రాధాన్యాలను నమోదు చేసుకునే విధానం అమలులోకి వచ్చింది. వాణిజ్య సందేశాలు పంపే సంస్థలు తమ పేరును, సందేశ నమూనాను ముందుగా నమోదు చేయాలని 2018 నిబంధనలు నిర్దేశించాయి.

2025 ఫిబ్రవరి 12న చేసిన సవరణలతో ఫిర్యాదు గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. నమోదుకాని వ్యక్తులు, సంస్థలు పంపే సందేశాలపై 1909లో ప్రాధాన్యం నమోదు చేసుకోనివారు సైతం ఫిర్యాదు చేయవచ్చు. మొదటి ఉల్లంఘనకు పంపినవారి అవుట్‌గోయింగ్ సేవలను 15 రోజులు నిలిపివేస్తారు. పునరావృతమైతే వారి కనెక్షన్లన్నింటినీ ఏడాది పాటు రద్దు చేస్తారు. సందేశం స్వభావం తెలిసేలా పంపిన సంస్థ పేరు చివర ప్రచారానికి 'పి', సేవలకు 'ఎస్', లావాదేవీలకు 'టి', ప్రభుత్వ సమాచారానికి 'జి' అక్షరం ఉంచాలని నిర్దేశించారు.

వ్యక్తిగత సమాచార దుర్వినియోగం

సేవా ఒప్పందం కింద పొందిన వ్యక్తిగత సమాచారాన్ని అక్రమ లాభం కోసం అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించడం సమాచార సాంకేతిక చట్టంలోని 72ఎ సెక్షన్ ప్రకారం నేరం. ఇందుకు మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇచ్చిన అంగీకారాన్ని ఉపసంహరించుకునే హక్కును పొందుపరిచింది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఒకరి గుర్తింపు పత్రాలతో మరొకరు సిమ్ కార్డులు పొందడం మరో సమస్య. తమ పేరిట ఉన్న కనెక్షన్లను తెలుసుకునే టాఫ్‌కాప్ సదుపాయం 2021 ఏప్రిల్‌లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారులకే అందుబాటులోకి వచ్చింది. అనంతరం దేశమంతటికీ విస్తరించి, 2023 మే నెలలో ప్రారంభమైన సంచార్ సాథీలో భాగమైంది. తమవి కాని నంబర్లను అందులోనే తెలియజేయవచ్చు.

ఫిర్యాదు విధానం

ముందుగా కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేసి డాకెట్ నంబరు పొందాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేనిచో 30 రోజులలోగా ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీని ఆశ్రయించవచ్చు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. అయితే టెలికాం వినియోగదారులు నేరుగా వినియోగదారుల కమిషన్లను ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న స్పష్టం చేసింది. సైబర్ మోసంలో సొమ్ము కోల్పోయినవారు ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయవలసి ఉంటుంది. గడువులు స్వల్పం కనుక సందేశాన్ని, పంపిన నంబరును, తేదీని భద్రపరచుకోవడం అవసరం.