పాటకూ పాఠపరిష్కరణ కావాలి

తాళపత్రాలను పరిష్కరించినవారికి ఒక సంగతి బాగా తెలుసు. ప్రతికి ప్రతి రాసినకొద్దీ లేఖకదోషాలు పెరుగుతాయి. అందుకే వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పరిష్కర్తలు వీలైనన్ని ప్రతులు చేర్చి, పాఠభేదాలు గుర్తించి, ఆ పిమ్మటనే సాధుపాఠాన్ని నిర్ణయించేవారు. నల్లగొండ, పాలమూరు పాటల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో నాకు దారి చూపుతున్నది ఆ పద్ధతే.

మా ప్రాంతపు పాట మూడు మజిలీలు దాటి వచ్చింది. మొదటిది కంఠం. 1946-51 నాటి సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పాటలు గొంతు నుండి గొంతుకు ఊరూరా తిరిగాయి. రెండవది సినిమా. గౌతం ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన ‘మా భూమి’ ఆ ఇద్దరి పాటలనూ అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వినిపించింది. యాదగిరి పాటను 2023లో కన్నుమూసిన గద్దర్ తానే పాడి, తెరమీద ఆడారు. మూడవది క్యాసెట్టు. ఫిలిప్స్ సంస్థ 1963లో లోకానికి పరిచయం చేసిన ఆ చిన్న డబ్బా పాటను మళ్ళీ పల్లె ముంగిటికి చేర్చింది.

అయితే క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారీ బుస పెరిగి, నాదం తరిగింది. తరువాత వచ్చిన ఎంపీ3, చెవి పట్టించుకోదనుకున్న ధ్వనిభాగాలను తొలగించి ఫైలును చిన్నది చేస్తుంది. దాన్ని విప్పి మళ్ళీ ఎంపీ3గా కుదిస్తే మరికొంత పోతుంది. ఇదీ పాత లేఖకుని కథే. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి అలా కాదు. కుదించిన ఫైలును విప్పితే ఒక్క అంకె తేడా లేకుండా మొదటి ధ్వని తిరిగి వస్తుంది. ఆ ధ్వని తాలూకు ఎండీ5 గుర్తు కూడా ఫైలులోనే ఉంటుంది గనుక ప్రతి చెడిందో లేదో సరిచూసుకోవచ్చు. తాళపత్రానికి ఈ భాగ్యం లేదు!

24 బిట్లు, సెకనుకు 96,000 నమూనాల చొప్పున స్టీరియోలో గ్రహిస్తే, గంట క్యాసెట్టు కుదించకముందు సుమారు 2 గిగాబైట్లు. “ఇంత అవసరమా మాస్టారూ?” అని అడిగేవారున్నారు. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరను వినమంటాను. సొరబుర్రల గుమ్ము, తీగ మీటినప్పటి గరగర, గాయకుని ఊపిరి కలిస్తేనే ఆ నాదం. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యగారి వలన ఆ వాద్యం పేరు దేశానికి తెలిసింది. ఆ కిన్నెర మీద పాడే పండుగ సాయన్న కథలో గాయకుడు మారితే మాట మారుతుంది, విరుపు మారుతుంది. ఒక్కొక్క గానం ఒక్కొక్క పాఠం.

కనుక నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. బుస ఉన్నా మూలప్రతిని శుభ్రపరచను. శుభ్రపరచినది వేరే ప్రతి. ఒకే పాట పది గొంతులలో దొరికితే పదీ ఉంచుతాను. కవి, గాయకుడు, ఊరు, సంవత్సరం తెలిసినంతవరకు ఫైలులోనే రాస్తాను. “జానపదం” అన్న ఒక్క మాటతో సరిపెట్టడం సులువే, కాని కవి పేరు కనుమరుగయ్యేది అలాగే.

నష్టరహితం అంటే పోయినది తిరిగి వస్తుందని అర్థం కాదు. ఇకమీదట పోదని మాత్రమే. మిత్రులారా, మీ అటకల మీద పాత క్యాసెట్లుంటే ఎంపీ3 చేసి పారవేయకండి. ముందు ఫ్లాక్ చేయండి, రెండు మూడు చోట్ల దాచండి. ఆ టేపునూ దాచండి. మూలం మూలమే.