కత్తి దించిన పిదప

సైనికుని కథను మన చరిత్రకారులు అతడు కత్తి పట్టిన దినమున ప్రారంభించి, యుద్ధము ముగిసిన దినమున ముగింతురు. కాని కత్తి దించిన పిదప కూడ అతడు ఇరువది ముప్పది ఏండ్లు బ్రతుకవలసి యున్నది. తెల్లవారి లేచి ఎక్కడికి పోవలెను? నెల తిరిగినపుడు జీతమెవరిత్తురు? నిన్నటివరకు పక్కకు తొలగి దారి యిచ్చిన ఊరు రేపు తన నేమని పిలుచును? ఈ ప్రశ్నలు ఈనాటి విశ్రాంత సైనికునికే కాదు, రెండువందల ఏండ్లనాటి సంస్థానపు బంటుకును ఎదురైనవే. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల చరిత్రలో వాటికి రెండు మూడు తెరగుల సమాధానములు కనిపించుచున్నవి. వాటిని ముచ్చటించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డలో ఉన్నది. ఆ రెండు నదుల నడిమి భూమి కొరకు విజయనగర ప్రభువులును బహమనీ సుల్తానులును తరతరములు పోరాడినారు. వనపర్తి కృష్ణకు ఉత్తరమున ఉన్నది. తూర్పుగా నల్లమల అడవుల వరకు వ్యాపించిన నాగరుకర్నూలు ప్రాంతమున, కొల్లాపురము రాజధానిగా జటప్రోలు సంస్థానము ఉండెడిది. ఇవి అన్నియు చిరకాలము మహబూబ్‌నగరు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న మూడు వేరు జిల్లాలైనవి. సంస్థానాధీశులు నిజాముకు పేష్కషు చెల్లించుచు, తమ ఎల్లలలో తామే ప్రభువులై స్వంత దండును పోషించుకొనెడివారు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున పెదసోమభూపాలుడు గద్వాలలో కోట కట్టించినాడు. కోట కట్టిన ప్రభువు దానిని కాచెడివారికి తిండి కూడ చూపింపవలెను గదా!

ఈ దండులో ఏడాది పొడుగున జీతము తీసికొనెడివారు కొద్దిమంది. తక్కినవారు సేద్యగాండ్రు. పిలుపు వచ్చినపుడు బల్లెమో తుపాకియో పట్టుకొని వచ్చుట, పని తీరినపుడు నాగలి పట్టుట వారి జీవితము. తుంగభద్రకు దక్షిణమున ఇట్టివారిని కట్టుబడి బంట్రోతులనిరి. తక్కువ పన్నుకు భూమి ఇచ్చి, అందుకు బదులుగా కొలువు చేయించుకొనుట కట్టుబడి పద్ధతి. 1800లో నిజాము దత్తమండలములను ఆంగ్లేయులకు ఇచ్చివేసిన పిదప, అచ్చటికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాండ్ర బలమును అణచినాడు. పాళెగాండ్రు పోయినంత మాత్రమున వారి బంట్లు ఎక్కడికి పోవుదురు? భూమి మిగిలినవాడు రైతుగా మిగిలినాడు. భూమి పోయినవాని గతి ఏమైయుండునో ఊహించుట కష్టము కాదు.

ఉత్తరపుటొడ్డున ఈ మార్పు మరింత నెమ్మదిగా జరిగినది. దానికి సాక్ష్యముగా ఒక మాట నిలిచియున్నది. నిజాము రాజ్యమున గ్రామసేవకుని పేరు సేత్‌సింధీ. దీనికి మూలము మరాఠీ దేశపు శేత్‌సనదీ అను మాట. శేతు అనగా పొలము. సనదు అనగా ప్రభువిచ్చిన పట్టా. సనదు మూలమున పొలము పొంది, ప్రతిగా కోటను కాచి, పిలిచినపుడు యుద్ధమునకు పోవు బంటు శేత్‌సనదీ. కాలక్రమమున యుద్ధములు తగ్గినవి, కోటలు పాడుపడినవి. పేరు మిగిలినది గాని కొలువు మారినది. బురుజుపై నిలిచినవాని వారసుడు పట్వారి దస్త్రము మోసినాడు. చావడికి రైతులను పిలుచుకొని వచ్చినాడు. కచేరీకి కాగితములు చేరవేసినాడు. ఆ పేరు వినియున్న వృద్ధులు మన పల్లెలలో నేటికిని కలరు. అది ఒకప్పుడు ఆయుధము పట్టినవాని పేరని ఎరిగినవారు మాత్రము అరుదు. ఆకలి లేకుండ గడచిన మార్పే యిది. కాని గౌరవము తగ్గకుండ గడచినదని చెప్పజాలము.

మాటల ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొకటి. 1757లో క్లైవు మద్రాసు నుండి వంగదేశమునకు తీసికొనిపోయిన సిపాయిలలో తెలుగువారు ఉండుటచే, ఉత్తర హిందూస్థానమున ఆంగ్లేయుల పద్ధతిని కవాతు నేర్చిన సిపాయికి ‘తిలంగా’ అనియే పేరు వచ్చినది. 1857 నాటి ఢిల్లీ ప్రజలు కూడ తిరుగుబాటు సిపాయిలను, వారు ఏ దేశమువారైనను, తిలంగాలనియే పిలిచినారు. మన జాతి పేరు అచ్చట ఉద్యోగపు పేరైనది.

ఇంతవరకు చెప్పినవారికి ఒక ఊరున్నది. ఊరు లేని సైనికుని కథ వనపర్తిది.

ఆఫ్రికా నుండి అరబ్బు వర్తకుల ఓడలలో దక్కనుకు వచ్చినవారిని సిద్దీలనియు హబ్షీలనియు పిలిచెడివారు. బానిసగా వచ్చి అహమ్మదునగరు రాజ్యమునకు ప్రధానియై, మొగలు సేనలను ముప్పుతిప్పలు పెట్టి, 1626లో మరణించిన మలిక్ అంబరు ఈ జాతివాడే. పందొమ్మిదవ శతాబ్దిలో వనపర్తి ప్రభువు మొదటి రామేశ్వరరావు తన సైన్యమున ఆఫ్రికా సంతతివారితో దళములను ఏర్పరచినారు. 1866లో వారు మరణించిన పిదప ఆ సైన్యము నిజాము సైన్యములో కలిసినది. వనపర్తిలో ఎదిగిన ఆఫ్రికా రౌతులు ఆ విధముగా హైదరాబాదు చేరి, నిజాము అంగరక్షకులైనారు. వారికి మాసబ్‌టాంకు చేరువ నివాసము ఏర్పడినది. ఆ పేట పేరు నేటికిని ఏ.సీ. గార్డ్స్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనుదానికి అది సంక్షేపము. బస్సు కండక్టరు రోజుకు నూరుమార్లు కేకవేయు ఆ రెండక్షరములలో ఆఫ్రికా ఉన్నదని ప్రయాణికులలో ఎందరెరుగుదురో!

1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించినవి. 18న నిజాము సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూసు, జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయినాడు. మరుసటి సంవత్సరమున జాగీరుల రద్దుతో సంస్థానముల పాలనయు ముగిసినది. నిజాము సైన్యమును, దానితోపాటు ఆఫ్రికా రౌతుల దళమును రద్దుచేయుటకు ఆపై ఎంతోకాలము పట్టలేదు. దళమును పుట్టించిన సంస్థానమును, పోషించిన రాజ్యమును, ఆ దళమును దాదాపు ఒక్కమారే తెరమరుగైనవి.

తక్కిన సిపాయి ఉద్యోగము పోయిన రాత్రి మూట కట్టుకొని స్వగ్రామమునకు బయలుదేరవచ్చును. అన్నదమ్ములు కోపగించినను చివరకు ఒక గట్టు చూపింతురు. సిద్దీ రౌతుకు స్వగ్రామమేది? పూర్వులు వచ్చిన తీరము సముద్రమున కావల ఉన్నది, ఆ భాష ఇంట మిగులలేదు, మాటలాడునది ఉర్దూ. అందుచే అతడు ఉన్నచోటనే ఉండిపోయినాడు. రౌతుల నివాసము వారి వంశస్థులకు స్వస్థలమైనది. ఆ కుటుంబములవారు కాపలాదారులుగా, డ్రైవర్లుగా, చిన్న ఉద్యోగులుగా కుదురుకొన్నారు. వారి చేతిలో ఇంకొక విద్య యున్నది. అది మర్ఫా. నిజాముల కాలమున ఉత్సవములందు మ్రోగిన ఆ వాద్యము పిదప నగరపు పెండ్లి ఊరేగింపులలో ప్రవేశించినది. వరుని గుర్రము ముందు ఆ దరువు విని మనము ఆనందింతుము. జీతము ఆగిన ఇంట అది ఒక పూట కూడు.

దళమును నెలకొల్పిన వంశమున పుట్టిన జె. రామేశ్వరరావుగారు స్వతంత్ర భారతమున దౌత్యోద్యోగియై ఆఫ్రికాలో పనిచేసి, పిదప మహబూబ్‌నగరు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట కళాశాల నడచుచున్నది. రాతి కట్టడములకు కొత్త కొలువు దొరకుట ఎంత సులభము!

ఈనాటి జవాను సంగతి వేరు. అతనికి సనదు లేదు, పింఛను ఉన్నది. 15 సంవత్సరముల సేవ పూర్తిచేసిన సిపాయికి అది హక్కు. పదునెనిమిదవ ఏట చేరినవాడు నలుబది నిండకయే ఇల్లు చేరును. ముందున్న జీవితము వెనుకటి కొలువు కంటె దీర్ఘమైనది. సైనిక సంక్షేమ కార్యాలయములు, ఉద్యోగములలో ప్రత్యేకింపులు అందుకే ఏర్పడినవి. బ్యాంకు వాకిట తుపాకితో నిలిచిన మాజీ సైనికుని చూచినపుడెల్ల నాకు సేత్‌సింధీ జ్ఞప్తికి వచ్చును.

2022లో వచ్చిన అగ్నిపథ పథకము ఈ లెక్కను మరల మార్చినది. దాని ప్రకారము చేరినవారి సేవ 4 సంవత్సరములు. ఆ పిదప నాలుగవ వంతుకు మించకుండ శాశ్వత సేవకు ఎన్నుకొందురు. తక్కినవారు పింఛను లేక, సేవానిధి అను ఒక మొత్తము చేతబట్టుకొని, ఇంచుమించు పాతికేండ్ల ప్రాయమున ఇల్లు చేరవలెను. నడిగడ్డ పల్లెలో అట్టి యువకుడు బస్సు దిగునాటికి, తండ్రి సేద్యము చేసిన భూమి ఇంకను ఆ ఇంటివారి చేతిలో ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న యగును.