బుట్టలో పడ్డ మూడు పురుగులు

మొన్న శనివారం రాత్రి (అక్కడ ఆదివారం పొద్దున్న) నాన్నకి ఫోన్ చేస్తే, "ఇప్పుడే చేలోంచి వచ్చారా, బుట్టలో మూడు పడ్డాయి" అన్నారు. గుంటూరు జిల్లాలో మాకు నాలుగెకరాల పత్తి. బుట్ట అంటే లింగాకర్షక బుట్ట. ఆడ పురుగు వాసన పట్టించిన ఎర ఒకటి లోపల వేలాడుతుంటుంది. దాన్ని వెతుక్కుంటూ మగ రెక్కల పురుగులు వచ్చి పడతాయి.

"మరి మందు కొట్టించరా?" అన్నాను.

"మూడింటికే కొడతారట్రా? ఎనిమిది పడాలి. అదీ వరసగా మూడు రాత్రులు" అన్నారు.

మా ఇంట్లో ఈ లెక్క ఊరికే రాలేదు. 1987లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులకి లొంగకుండా పోయినప్పుడు, పక్క చేను వాళ్ళు కొట్టారని మేమూ కొట్టాం, చావలేదని మళ్ళీ కొట్టాం. ఆ ఏడాది అప్పుకి అమ్మ గాజులు పోయాయి. ఆ తర్వాత నుంచీ నాన్న లెక్క చూడకుండా మందు డబ్బా మూత తీయరు.

ఇంతకీ ఆ వాసన సంగతి మనిషికి ఎలా తెలిసింది? ఆ రాత్రి నిద్ర మానుకుని చదివింది మీకూ చెబుతాను.

ఫ్రాన్సులో ఫాబ్ర్ అనే పెద్దమనిషి ఇంట్లో ఒక మే నెల పొద్దున ఓ పెద్ద ఆడ చిమ్మట గూడు చీల్చుకుని బయటికొచ్చింది. ఆయన దాన్ని తీగల వల కింద పెట్టాడు. ఆ రాత్రికే నలభై దాకా మగ చిమ్మటలు ఇంట్లోకి వచ్చిపడ్డాయి! ఆడదాన్ని గాలి చొరకుండా మూసేస్తే ఒక్కటీ రాలేదు. మగవాటి మీసాలు (బళ్ళో మనం చదువుకున్న స్పర్శశృంగాలు) కత్తిరించి కూడా చూశాడు కానీ సంగతి తేలలేదు.

తేల్చడానికి పట్టుపురుగు కావాల్సి వచ్చింది. జర్మనీలో బ్యూటెనాంట్, సెక్స్ హార్మోన్ల మీద పనికి 1939లో నోబెల్ వచ్చినాయన, ఈ వాసన పదార్థం కోసం ఇరవై ఏళ్ళు వెతికాడు. అయిదు లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథులు కోస్తే చేతికొచ్చింది మిల్లీగ్రాముల్లోనే. ఆయన దగ్గర పరీక్ష యంత్రమల్లా మగ పురుగే. అది ఎగరలేదు, కానీ వాసన తగిలితే రెక్కలు టపటపలాడిస్తుంది. 1959లో ఆ పదార్థానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. ఫెరమోన్ అనే మాట పుట్టిందీ ఆ ఏడాదే.

దానికి రెండేళ్ళ ముందు, 1957లో, ష్నైడర్ అనే ఆయన మగ పురుగు మీసం కత్తిరించి, రెండు చివర్లా తీగలు పెట్టి, వాసన ఊదాడు. మీటరు కదిలింది! పురుగు లేకుండా ఉత్త మీసమే జవాబిచ్చిందన్నమాట. ఒక్కో మీసం మీద 17 వేల దాకా సన్నటి నూగు వెంట్రుకలు, ఒక్కోదాంట్లో రెండు నాడీకణాలు ఉంటాయని తర్వాత లెక్క తేలింది. రెండింట్లో ఒకటి బాంబికాల్‌కే పలుకుతుంది. 1970లో కైస్లింగ్, ప్రీస్నర్ చూపించింది మరీ విచిత్రం. ఒక్క అణువు తగిలితే చాలు, ఆ కణం పలుకుతుందట!

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. ఒక్క కణం పలికినంత మాత్రాన పురుగు కదలదు. ఎందుకంటే ఆ కణాలు వాసన లేకపోయినా అప్పుడప్పుడూ ఉత్తినే పలుకుతుంటాయి. వేల కణాల తీగలూ మెదడులో ఒక చోట కలుస్తాయి, అక్కడ కూడిక జరుగుతుంది. మామూలు రొదని మించి, ఒకేసారి చాలా కణాలు పలికితేనే రెక్కలు లేస్తాయి. పసిగట్టడం వేరు, నమ్మడం వేరు. ఆఫీసులో సర్వర్లు అర్ధరాత్రి ఉత్తుత్తి అలారాలు కొడితే ఉలిక్కిపడి లేచే నాకు, ఆవగింజంత మెదడు కూడా లేని పురుగుని చూస్తే సిగ్గేసింది.

పత్తిలో గులాబి రంగు పురుగు వాసన 1973లో తేలింది. రెండు పదార్థాలు సగం సగం. నాన్న బుట్టలో ఉన్నది అదే. 2002లో బీటీ పత్తి వచ్చాక ఇక బుట్టలెందుకు అనుకున్నారు మా ఊళ్ళో. ఆ పురుగు దానికీ అలవాటు పడిపోయింది. బుట్టలు మళ్ళీ చేలోకి వచ్చాయి.

బుట్టలో పడేవి మగవి, గుడ్లు పెట్టేవి ఆడవి. కాబట్టి మా నాన్న వాడకంలో బుట్ట పురుగుని చంపడానికి కాదు, లెక్కపెట్టడానికి. పురుగు మెదడు చేసే కూడికనే ఆయన చేలో నిలబడి చేస్తున్నారు. ఇదంతా ఫోన్లో చెబితే పూర్తిగా విని, "అయిదు లక్షల పురుగుల్ని కోశారా! మనకి పట్టుమని పది కూడా పడకూడదని దణ్ణం పెట్టుకుంటుంటే" అన్నారు.

నిన్న అయిదు పడ్డాయట. మందు ఇంకా కొట్టలేదు. ఇవాళ రాత్రి మళ్ళీ ఫోన్ చేయాలి.