ఒక్క ఎస్సు తగవు

ఊరిని ముంచి కులికినవాడు చివరికి జైలుపాలైతే మనం ‘తగిన శాస్తి జరిగింది’ అంటాం. అదే చోట ఇంగ్లిషువాళ్లు ‘జస్ట్ డిజర్ట్స్’ అంటారు. అనడం తేలికే, రాయమంటేనే ఇంగ్లిషు ఇంటిభాష అయినవాళ్లు కూడా తడబడతారు. చెవికి అది అచ్చం భోజనం చివర తినే తీపి పేరులా వినిపిస్తుంది మరి. అందుకని రెండు ఎస్సులు వేసేస్తారు. సరైన రాతలో ఎస్సు ఒక్కటే. తీరా ఒక్కటి వేస్తే కంటికి ఎడారి కనిపిస్తుంది!

నిజానికి ఇది ఆ రెండూ కాని మూడో మాట. లాటిన్‌లో ‘సర్వీరే’ అంటే సేవించడం, ‘దేసర్వీరే’ అంటే శ్రద్ధగా కొలువు చేయడం. బాగా కొలిచినవాడికి దక్కవలసింది ఒకటి ఉంటుంది కదా. పాత ఫ్రెంచివాళ్లు ఆ అర్థాన్నే పట్టుకున్నారు. 13వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చిన ‘డిజర్ట్’ అలా పుట్టింది. ‘డిజర్వ్’ దీనికి తోబుట్టువు. మొదట్లో మంచికీ చెడుకీ కూడా ఇదే మాట వాడేవారు. బహుమానమైనా డిజర్టే, కొరడాదెబ్బైనా డిజర్టే. మన శాస్తికి ఆ వెసులుబాటు లేదు.

1573లో జార్జ్ శాండర్స్ అనే లండన్ వర్తకుడు హత్యకు గురయ్యాడు. ఆ హత్య మీద అల్లిన ‘ఎ వార్నింగ్ ఫర్ ఫెయిర్ విమెన్’ నాటకం 1599లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. ఈ పదబంధం తొలి జాడల్లో ఒకటి అందులో ఉంది, అదీ ఏకవచనంలో. బహువచనం తర్వాత స్థిరపడింది. ఇప్పుడు ‘అతని జస్ట్ డిజర్ట్స్ అతనికి దక్కాయి’ అన్న తీరులోనే వాడతారు. ‘జస్ట్’ అంటే ఇక్కడ ‘కేవలం’ కాదు, ‘న్యాయమైన’ అని. మిఠాయి దుకాణాల పేర్లలో కనిపించే శ్లేష అంతా ఈ రెండర్థాల మీద నడిచేదే.

ఇక బంధుత్వాలు చూద్దాం. తీపి డిజర్ట్ కూడా సేవ నుంచి వచ్చిందే. బల్ల మీద వడ్డించినవన్నీ తీసేయడాన్ని ఫ్రెంచిలో ‘దెస్సెర్విర్’ అంటారు. అలా తీసేశాక వచ్చేది డిజర్ట్. ఎడారి పుట్టుక వేరు. దాని మూలం వదిలిపెట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియ. ‘డెజర్ట్ ఐలండ్’లో ఇసుకమేటలు ఉండనక్కర్లేదు, మనుషులు లేకపోతే చాలు. రాబిన్సన్ క్రూసో దీవిలో చెట్లూ మేకలూ దండిగా ఉన్నాయి. అంటే అక్షరం పొల్లుపోకుండా కలిసినది పరాయిది, ఒక ఎస్సు ఎక్కువైనది చుట్టం. రెండు ఎస్సులు వేసి ఎర్రసిరా గీత పడ్డవాళ్ల మీద నాకు కాస్త జాలి ఉండడానికి కారణం ఇదే.

ఉచ్చారణలో ఎడారికి మొదటి అక్షరం మీద ఒత్తు పడుతుంది: డెజర్ట్. తక్కిన రెండింటికీ ‘జ’ మీద పడుతుంది: డిజర్ట్. మనం తెలుగులో రాసేటప్పుడు ఐస్‌క్రీమునీ ఎడారినీ కూడా డెజర్ట్ చేసేస్తాం, అది వేరే సంగతి. ఫ్రెంచిలో ఈ చిక్కే లేదు. అచ్చుల నడుమ ఒక ఎస్సుంటే ‘జ’, రెండుంటే ‘స’. ఇంగ్లిషు మాత్రం ‘సిజర్స్’లో చేసినట్టే ఇక్కడా జంట ఎస్సును ‘జ’ చేసి కూర్చుంది.

ఈ ఒక్క పదబంధాన్ని తీసేస్తే మామూలు మాటల్లో ఆ పాత డిజర్ట్ దాదాపు కనుమరుగైపోయింది. తత్వశాస్త్రంలోనూ నేరశిక్షల చర్చల్లోనూ మాత్రం ఇంకా ఏకవచనంగానే బతికుంది. ఖైదీ బాగుపడ్డాడని అధికారులకు తోచినప్పుడు విడుదల చేసే పద్ధతి మీద 1970లలో అమెరికాలో విసుగు పెరిగింది. 1976లో ఆండ్రూ వాన్ హిర్ష్ ‘డూయింగ్ జస్టిస్’ అనే పుస్తకంలో, శిక్ష నేరం తీవ్రతకు తగ్గట్టు ఉండాలే తప్ప రేపు వాడేం చేస్తాడన్న ఊహ మీద కాదని వాదించాడు. ఆ వాదానికి స్థిరపడిన పేరు జస్ట్ డిజర్ట్స్. అదే ఏడాది కాలిఫోర్నియా కూడా చాలా నేరాలకు జైలుకాలాన్ని ముందే ఖాయం చేస్తూ చట్టం తెచ్చింది.