నఱకుటయు రక్షణమే

వనరక్షణ మనఁగా చెట్టును కొట్టకుండుటయే యని మనము తలఁతుము. కొట్టుటయు నొక్కొక్కచో రక్షణమే యగునని తెలుపు చరిత్రము నొకదానిని విన్నవింతును.

ఇంగ్లండున సర్రే మండలమందు బాక్స్ హిల్ అను సుద్దకొండ గలదు. మోల్ నది దాని పాదమునఁ బాఱుచున్నది. 1914లో లియోపోల్డ్ సాలమన్స్ అను ధనికుఁడు ఆ కొండను గొని నేషనల్ ట్రస్టునకు దాన మొసఁగెను. దాని వాలులందలి పొట్టిపచ్చికలో పెక్కు పూలమొక్కలును, వానిని నమ్ముకొన్న సీతాకోకచిలుకలును బ్రదుకుచుండును. ఆ పచ్చిక తనంతఁ దాను నిలిచినది గాదు. గొఱ్ఱెలును, కుందేళ్లును శతాబ్దములుగా మేసి పొదలను తలయెత్తనీయకపోవుటచే నిలిచినది. కాలక్రమమున గొఱ్ఱెల మేఁత తగ్గెను. 1953లో మిక్సమటోసిస్ అను తెవులు ఆ దేశమునఁ బ్రవేశించి కుందేళ్లలోఁ బెక్కింటిని మ్రింగెను. అంతట డాగ్‌వుడ్ మున్నగు పొదలు క్రమ్ముకొని పచ్చికకు ఎండ తగులనీయవయ్యెను.

1959లో కౌన్సిల్ ఫర్ నేచర్ అను సంస్థ కన్సర్వేషన్ కోర్ అను స్వచ్ఛందసేవాదళమును నెలకొల్పెను. జీతము గోరని 42 మంది ఆ కొండపై డాగ్‌వుడ్ పొదలు నఱకుటయే దాని తొలికార్యము. ఇట్టి పనులకు శీతకాలమే తగిన ఋతువు. అప్పుడు పక్షులు గూఁడు కట్టవు, మొక్కలు నిద్రించుచుండును. అయినను నఱకిన మోడు వసంతమున మఱలఁ జిగుర్చును. కావున నేటికిని అచ్చటి రక్షితభూములందు సేవకులు ఏటేట శీతకాలమున రంపములు చేఁబూనుచున్నారు.

దానము 1914లోనే ముగిసెను. రక్షణము మాత్రము ఏ యేఁటి కా యేఁడు చేయవలసినదే.