హక్‌షుఫా: ముందుగా కొనే హక్కు

పొలమో ఇల్లో అమ్మకానికి వచ్చినప్పుడు, బయటివారికంటే ముందు తానే కొనుక్కునేందుకు భాగస్తుడికో పొరుగువాడికో ఉండే హక్కును హక్‌షుఫా అంటారు. ఇంగ్లీషు చట్టాల్లో దీని పేరు ప్రీఎంప్షన్. ఎదుటివారికంటే ముందే కదిలి వారికి అడ్డుపడటం అనే అర్థంలో నేడు వాడే ‘ప్రీఎంప్ట్’ క్రియ ఈ పేరులోంచే వచ్చింది. అమెరికాలో 1841 నాటి చట్టం ప్రభుత్వ భూమిలో స్థిరపడినవారిని వేలానికి ముందే, ఎకరం 1.25 డాలర్ల చొప్పున 160 ఎకరాల దాకా కొనుక్కోనిచ్చింది.

నేటి మహారాష్ట్రలోని నాందేడ్ ప్రాంతానికి ఈ హక్కు ఇస్లామీయ ధర్మశాస్త్రం నుంచి, నిజాం ఏలుబడిలో వచ్చింది. హనఫీ సంప్రదాయం ముగ్గురికి, వరుస క్రమంలో, ఈ హక్కు ఇచ్చింది: ఆస్తిలో వాటా ఉన్న షఫీ-ఎ-షరీక్, దారి, నీరు కలిసి వాడుకునే షఫీ-ఎ-ఖలీత్, హద్దు ఆనుకున్న షఫీ-ఎ-జార్. షాఫియీ సంప్రదాయం పొరుగువాడిని ఒప్పుకోలేదు. దానం చేసినా వారసత్వంగా వచ్చినా హక్కు లేదు. అమ్మకం జరిగితేనే, కొన్నవాడు ఇచ్చిన ధరే ఇచ్చి తీసుకోవాలి.

ఈ హక్కు బిగువంతా కాలంలోనే ఉంది. అమ్మకం సంగతి చెవిన పడిన వెంటనే ‘నాకు కావాలి’ అని నోరు తెరిచి అడగాలి. అది తలబ్-ఎ-మువాసిబత్. తరువాత సాక్షుల ఎదుట మళ్లీ అడగడం తలబ్-ఎ-ఇష్‌హాద్. అప్పటికీ ఇవ్వకపోతే దావా. మొదటి అడుగులో తాత్సారం చేస్తే హక్కే పోతుంది. దీన్ని తప్పించుకునే ఉపాయాలూ పాతవే: పొరుగువాడి హద్దు వెంట మూరెడు వెడల్పు నేల మినహాయించి మిగతాది అమ్మితే అతనికి అడిగే వీలుండదని 12వ శతాబ్దపు హిదాయా గ్రంథమే చెబుతుంది.

తెలుగు నేలలోనే దీనికి రెండు గతులు పట్టాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ ప్రాంతాలు తన పరిధిలో ఉన్న మద్రాసు హైకోర్టు 1870లో, ఇది న్యాయానికీ ధర్మానికీ సరిపడదని తోసిపుచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో మాత్రం కోర్టుల్లో సాగుతూ వచ్చింది.

రాజ్యాంగం వచ్చాక పొరుగువాడి హక్కు నిలవలేదు. 1950ల తొలి సంవత్సరాల్లోనే హైదరాబాద్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1962లో భావూరామ్ కేసులో సుప్రీంకోర్టు అదే మాట చెప్పింది. పక్కింటివాడనే ఒక్క కారణంతో అమ్మేవాడి స్వేచ్ఛకు కళ్లెం వేయడం సమంజసం కాదంది, వాటాదారు హక్కును మాత్రం నిలబెట్టింది. ఈ విభజన సరైనదే. ఇష్టంలేని మతంవారినో కులంవారినో పక్కకు రానీయకుండా చూసుకునే సాధనంగా పొరుగు హక్కు మారగలదు. ఉమ్మడి పొలంలో కొత్తవాడు చొరబడితే వచ్చే చిక్కు అలాంటిది కాదు.

అంతకంటే ముఖ్యమైన మార్పు కౌలుచట్టంలో జరిగింది. నాందేడ్ జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో తెలుగు, మరాఠీ రైతులు పక్కపక్కనే సేద్యం చేస్తారు. 1956 నవంబరు 1న ఈ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వెళ్లినా, 1950 నాటి హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం మరాఠ్వాడాలోనూ తెలంగాణలోనూ కొనసాగింది. అందులోని 38-డి సెక్షన్ ప్రకారం, రక్షిత కౌలుదారు దున్నే భూమిని అమ్మదలచిన యజమాని ముందుగా అతనికే రాతపూర్వకంగా చెప్పాలి. కొంటానో లేదో తేల్చుకునేందుకు కౌలుదారుకు ఆరు నెలల గడువు. పాత పద్ధతిలో వార్త వినగానే ఉరకాల్సింది హక్కుదారు. ఇక్కడ ముందు కదలాల్సింది అమ్మేవాడు. అక్షరం రానివాడికీ చేతిలో డబ్బు ఆడనివాడికీ ఆ గడువే అసలైన రక్షణ.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లోనూ ఇదే ఆలోచన ఉంది: మొదటి తరగతి వారసులు కలిసి పొందిన ఆస్తిలో ఒకరు వాటా అమ్మదలిస్తే మిగతావారికి ముందు అవకాశం ఇవ్వాలి, ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. ఇది సాగుభూములకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019 మార్చిలో తేల్చింది.